గోడ మీది కాయితం

దేవరకొండ దవాఖాన, క్యాజువాలిటీ.
ఆక్సిజన్ సిలిండర్ల పక్క గోడకు
ఐదేండ్లకోసారి కొత్త కాయితం వస్తది.
పాతది గీకితే సున్నం ఊడొస్తదని
దాని మీదనే అంటిస్తం, మైదా జిగురుతోని.
ఇప్పుడది కాయితం కాదు, అట్ట.
ఎండకాలం మూలలు లేస్తయి.
గోటితో జరంత గుంజితే
నేను కొలువుల చేరిన ఏడు కనబడుతది.

అప్పుడు పదిహేను నొక్కుళ్లకు రెండు ఊపిర్లు.
తర్వాత ముప్పైకి రెండు.
అప్పుడు గొంతు దారి ముందు, ఊపిరి తర్వాత, ఛాతీ ఆఖరుకు.
ఒకనాడు డ్యూటీకి వచ్చేసరికి
ఛాతీయే ముందుకొచ్చి నిలబడ్డది.
షాకులు వరుసగ మూడు కొట్టేటోళ్లం.
ఒక్కటి చాలు, వెంటనే చేతులు పెట్టున్రి అన్నరు.

అట్రోపిన్ సంగతి వేరే.
మానిటర్ల గీత చదునైతే
నా చెయ్యి దానంతటదే ఆ గాజుబుడ్డి మెడ విరిచేది.
అది తీసేసిన్రు.
"చెడ్డదా సార్?" అనడిగిన.
"చెడ్డదని కాదు సువార్తమ్మా,
పనిచేసినట్టు రుజువు లేదు."

ఆ రాత్రి మందుల బీరువ ముందు నిలబడి
చింతపల్లి లారీ డ్రైవరును యాది చేసుకున్న.
తండా నుంచి ట్రాక్టరుల తెచ్చిన రూప్లిని.
వాళ్లకోసం విరిచిన బుడ్లను.
పుస్తకంల ఉన్నట్టే ఇచ్చిన.
పుస్తకం మారింది.
వాళ్లకు మల్ల ఇచ్చేదేం లేదు.

రెండేండ్లకోసారి నల్లగొండ పోయి
రబ్బరు మనిషి మీద పరీక్ష ఇచ్చొస్త.
నా బిడ్డ ఈడు పిల్ల నేర్పుతది:
"మేడమ్, ఉరుకుతున్నరు. నూట ఇరవై దాటొద్దు.
నొక్కినంక ఛాతీని పూర్తిగ లేవనియ్యాలె."
ఈ ముక్క మా అమ్మ ఎన్నడో చెప్పింది, రోలు కాడ:
రోకలి నిండ లేస్తెనే గింజ నలుగుతదని.
ఆ పిల్లకు చెప్పలే. మార్కులేసేది ఆమె.

ఇగ గాలయ్య.
మర్రిగూడ అవతలి మనిషి. పేరుల గాలి, ఒంట్ల లేదు.
నలభై ఏండ్ల బోరునీళ్లు ఎముకలల్ల పేరుకొని
వెన్ను విల్లయి బిగుసుకపోయింది.
వెల్లకిల పండబెడితే తల పరుపుకు ఆనదు,
నడుము కింద పిల్లి దూరేంత సందు.
ఐదు సెంటీమీటర్లు దిగాలంటది గోడ.
నా బరువంత వేసిన. టేకు తలుపు నొక్కినట్టుంది.
రెండు దిగిందో లేదో.
కొత్త డాక్టరు నవాజ్ గోడ దిక్కు చూసిండు,
నేను గోడ దిక్కు చూసిన.
ఇసొంటి ఛాతీ గురించి అండ్ల ఒక్క అక్షరం లేదు.

దుప్పట్లు మడిచి వెన్ను కింద సందుల కుక్కిన,
మంచం ఊగుడు ఆగింది.
స్టూలెక్కి నవాజు, దిగి నేను, మల్ల నవాజు.
రెండో షాకుకు గీత వణికింది.
ఇరవై రెండో నిమిషానికి నాడి దొరికింది, మెడ కాడ,
సన్నగ, అడుగంటిన బావిల చెలిమె ఊరినట్టు.

నూటెనిమిది బండిల నల్లగొండ పంపినం.
పదకొండు దినాలు బతికిండు.
పన్నెండో నాడో పదమూడో నాడో
పెండ్లాం వచ్చింది, ఉతికి మడిచిన దుప్పట్లు పట్టుకొని.
"సర్కారువి గద" అన్నది.
లెక్కపెట్టుకొమ్మన్నది. నాలుగు.

కాయితం అడుగున పెన్సిలుతో రాసిన:
గట్టి వెన్ను వస్తే సందు నింపున్రి. మనుషులను జల్ది మార్చుకోన్రి.
పెన్సిలే ఎందుకంటే, చెరపొచ్చు.
"రుజువు ఉందా సిస్టర్?" నవ్విండు నవాజు.
లేదు. ఒక్క మనిషి, పదకొండు దినాలు.
అది రుజువు కాదని నాకూ తెలుసు.

మొన్న కొత్త కాయితం వచ్చింది.
కొన్ని బాణాలు జరిగినయి, ఒక డబ్బా రంగు మారింది.
మైదా కాచి నేనే పూసిన, నేనే అంటించిన.
కొత్తది నాలుగేళ్లు పొట్టిగుంది.
కింద నా పెన్సిలు రాత అట్లనే కనబడుతున్నది.
నవాజు చూసిండు.
జిగురు చేతులు కడుక్కొని పోయిండు,
ఏమనలే.